రస్ట్‌లో వెబ్ అప్లికేషన్: ట్రంక్, కార్గో-లెప్టోస్, డీఎక్స్, వాజమ్-ప్యాక్‌లలో మీకు ఏది సరిపోతుంది?

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో సర్వర్ మాత్రమే రాసేవారికి, ఆ భాషతోపాటే వచ్చే బిల్డ్ పనిముట్టు కార్గో ఒక్కటి చాలు. ఆక్సమ్, యాక్టిక్స్ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లతో రాసిన ప్రోగ్రామును ‘కార్గో బిల్డ్’ ఒకే ఎగ్జిక్యూటబుల్ ఫైలుగా తయారుచేసి ఇస్తుంది. దాన్ని సర్వర్ మీదికి కాపీ చేసి నడిపితే పని పూర్తవుతుంది. బ్రౌజర్‌లో నడిచే భాగాన్ని కూడా రస్ట్‌లోనే రాయాలనుకున్నప్పుడు మాత్రం కార్గో సగం దారిలో ఆగిపోతుంది. అది వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్ నేరుగా నడపగల కోడ్, పొట్టిగా వాజమ్) ఫైలు దాకా తీసుకువెళ్తుంది గానీ, దానికి తోడుండవలసిన జావాస్క్రిప్ట్‌ను, హెచ్‌టీఎంఎల్ పేజీని, స్టైల్ షీట్లను పట్టించుకోదు. ఆ మిగిలిన దారి నడవడానికి ఇప్పుడు ప్రధానంగా నాలుగు కమాండ్ లైన్ పనిముట్లు వాడుకలో ఉన్నాయి: ట్రంక్, కార్గో-లెప్టోస్, డయాక్సస్ వారి డీఎక్స్, వాజమ్-ప్యాక్. కొత్తవారు సాధారణంగా మొదట కంటపడిన ట్యుటోరియల్ ఏది చెబితే దాన్నే పెట్టుకుని, అప్లికేషన్ స్వరూపాన్ని దానికి తగ్గట్టు మలుచుకుంటూ పోతారు. ఈ క్రమం తలకిందులైనదని నా నమ్మకం. పేజీలోని హెచ్‌టీఎంఎల్ సర్వర్‌లో తయారవుతుందా, బ్రౌజర్‌లో తయారవుతుందా, రెండు చోట్లా తయారవుతుందా అన్నది ముందు తేల్చుకుంటే, పనిముట్టు ఎంపిక చాలావరకు అక్కడే తేలిపోతుంది.

పోలికలోకి వెళ్ళేముందు, ఈ పనిముట్లన్నీ లోపల చేసే పని ఏమిటో ఒకసారి చూడాలి. ఎందుకంటే ఏది చెడినా చెడేది ఆ లోపలి దశల్లోనే.

ముందుగా రస్ట్‌ను ఇన్‌స్టాల్ చేసే రస్టప్ ద్వారా ‘వాజమ్32-అన్‌నోన్-అన్‌నోన్’ అనే టార్గెట్‌ను (కోడ్ ఏ వేదిక కోసం కంపైల్ కావాలో చెప్పేది) ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఆ టార్గెట్‌కు కంపైల్ చేసినప్పుడు వచ్చే వాజమ్ ఫైలుకు అంకెలు తప్ప మరొకటి ఇచ్చిపుచ్చుకోవడం తెలియదు. ఒక స్ట్రింగ్‌ను జావాస్క్రిప్ట్‌కు అందించాలన్నా, పేజీలోని ఒక బటన్‌ను తాకాలన్నా మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీ వాజమ్-బైండ్‌జెన్. దీనికి రెండు భాగాలున్నాయి: మన ప్రోగ్రాములో కలిసిపోయే క్రేట్ (రస్ట్ ప్యాకేజీ) ఒకటి, కంపైల్ అయిన ఫైలును చదివి జావాస్క్రిప్ట్‌ను రాసిపెట్టే కమాండ్ లైన్ ప్రోగ్రాము మరొకటి. క్రేట్ తన సమాచారాన్ని వాజమ్ ఫైలులోనే ఒక ప్రత్యేక విభాగంలో దాచిపెడుతుంది, కమాండ్ లైన్ ప్రోగ్రాము దాన్ని అక్కడినుంచి చదువుకుంటుంది. ఆ విభాగం పేరులోనే ‘అన్‌స్టేబుల్’ అన్న మాట ఉంది. అంటే ఆ సమాచారపు రూపం వెర్షన్‌కూ వెర్షన్‌కూ మారిపోవచ్చునని తయారుచేసినవారే చెబుతున్నారు. అందుకే, క్రేట్ల కచ్చితమైన వెర్షన్లు నమోదై ఉండే కార్గో లాక్ ఫైలులో ఉన్న క్రేట్ వెర్షన్, మన యంత్రంలో ఉన్న కమాండ్ లైన్ ప్రోగ్రాము వెర్షన్ చివరి అంకె వరకు ఒకటే కావాలి. రస్ట్ వెబ్ ప్రాజెక్టులు ఉన్నట్టుండి బిల్డ్ కాకుండా పోవడానికి నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదే. నా ప్రాజెక్టు ఒకదానిలో బిల్డ్ కంటైనర్‌లో పాత వెర్షన్‌ను బిగించిపెట్టి, ఆ సంగతి మరచి, లాక్ ఫైలులోని వెర్షన్లను పెంచే ‘కార్గో అప్‌డేట్’ నడిపాను. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చకపోయినా బిల్డ్ విఫలమైంది. తప్పు కోడ్‌లో ఉందనుకుని ఒక సాయంత్రమంతా వెతికాను.

ఆ తర్వాతి దశలు తేలికైనవి. బైనరియెన్ ప్రాజెక్టువారి వాజమ్-ఆప్ట్ ఫైలు పరిమాణాన్ని తగ్గిస్తుంది. ఫైలు పేర్లకు హ్యాష్ జోడిస్తే బ్రౌజర్ క్యాష్ వల్ల పాత ఫైలు రాకుండా ఉంటుంది. ఆపైన ఒక చిన్న సర్వర్ పేజీని అందిస్తూ, కోడ్ మారినప్పుడల్లా బ్రౌజర్‌ను రిఫ్రెష్ చేస్తుంది. వీటన్నిటినీ మీరే ఒక స్క్రిప్టులో రాసుకోవచ్చు. రాసుకుంటే ఈ ప్రక్రియ మీద మంచి అవగాహన వస్తుంది. కానీ రోజువారీ పనికి దాన్ని నేను సిఫారసు చేయను.

హెచ్‌టీఎంఎల్ సర్వర్‌లోనే తయారైతే

పై నాలుగింటిలో ఏదీ అవసరం లేని దారి ఒకటుంది, దాన్ని చాలామంది పరిశీలించకుండానే దాటిపోతారు. ఆక్సమ్ సర్వర్, అస్కామా లేదా మాడ్ వంటి టెంప్లేట్ లైబ్రరీ, పేజీలో అక్కడక్కడ చలనం కోసం హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంటే ఒక కార్యాలయపు అంతర్గత అప్లికేషన్‌కు గాని, వ్యాసాలు ప్రచురించే సైటుకు గాని ఇంకేమీ అక్కరలేదు. తెలుగు వ్యాసాలు ప్రచురించేవారు ఈ దారిని ప్రత్యేకంగా ఆలోచించాలి. పాఠ్యం సర్వర్‌నుంచే పూర్తిగా వస్తే సెర్చ్ ఇంజన్లు దాన్ని ఇబ్బంది లేకుండా చదువుకుంటాయి, నెమ్మదైన నెట్‌వర్క్ మీద ఉన్న పాఠకుడికి వాజమ్ ఫైలు దిగేదాకా తెల్ల పేజీ చూసే అవస్థ తప్పుతుంది.

ఇక్కడ కావలసిన పనిముట్లు చిన్నవి. కోడ్ మారగానే మళ్ళీ కంపైల్ చేసి నడపడానికి పాత వ్యాసాలన్నీ కార్గో-వాచ్‌ను సూచిస్తాయి. దాని నిర్వహణ ఆగిపోయింది కాబట్టి కొత్త ప్రాజెక్టులో బేకన్ పెట్టుకోండి. డేటాబేస్ కోసం ఎస్‌క్యూఎల్‌ఎక్స్ లైబ్రరీ వాడితే దాని కమాండ్ లైన్ ప్రోగ్రామును కూడా పెట్టుకోండి. ఆ లైబ్రరీ మాక్రోలు మనం రాసిన క్వెరీలను కంపైల్ సమయంలోనే అసలు డేటాబేస్‌తో సరిచూస్తాయి. డేటాబేస్ అందుబాటులో లేని బిల్డ్ సర్వర్‌లో ఇది అడ్డంకి అవుతుంది గనుక, ‘కార్గో ఎస్‌క్యూఎల్‌ఎక్స్ ప్రిపేర్’ అనే కమాండ్‌తో ఆ సమాచారాన్ని ముందే ఫైళ్ళలో భద్రపరచి, వాటిని గిట్‌లో చేర్చుకోవాలి. రూబీ ఆన్ రెయిల్స్ అలవాటున్నవారికి లోకో అనే ఫ్రేమ్‌వర్క్ నచ్చవచ్చు. మోడళ్ళనూ కంట్రోలర్లనూ కమాండ్‌తోనే పుట్టించే ఏర్పాటు అందులో ఉంది.

హెచ్‌టీఎంఎల్ పూర్తిగా బ్రౌజర్‌లో తయారైతే: ట్రంక్

లాగిన్ వెనుక ఉండే డాష్‌బోర్డులు, బొమ్మలు గీసే పరికరాలు, లెక్కలు వేసే యంత్రాల వంటివాటికి సెర్చ్ ఇంజన్లతో పని లేదు. పేజీ తెరుచుకోవడానికి ఒక క్షణం ఎక్కువ పట్టినా వాడేవారు ఓర్చుకుంటారు. అటువంటి అప్లికేషన్‌కు నా మొదటి సిఫారసు ట్రంక్. యూ ఫ్రేమ్‌వర్క్‌తో రాసినా, లెప్టోస్‌ను బ్రౌజర్‌కు మాత్రమే పరిమితం చేసి వాడినా, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా వెబ్-సిస్ క్రేట్‌తో నేరుగా రాసినా ఇది ఒకేలా పనిచేస్తుంది. ఈ తటస్థతే దాని పెద్ద బలం.

ట్రంక్ రూపకల్పనలో నాకు బాగా నచ్చిన విషయం, అది ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ ఫైలునే ప్రాజెక్టుకు మూలంగా తీసుకోవడం. ఆ పేజీలోని లింక్ ట్యాగులకు ‘డేటా-ట్రంక్’ అనే గుర్తు పెడితే, ఏ రస్ట్ క్రేట్‌ను కంపైల్ చేయాలో, ఏ సాస్ ఫైలును సీఎస్‌ఎస్‌గా మార్చాలో, ఏ ఫోల్డర్‌ను యథాతథంగా కాపీ చేయాలో అక్కడినుంచే తెలుసుకుంటుంది. ఉదాహరణకు మీ పేజీకి నోటో సాన్స్ తెలుగు ఫాంటును జోడించాలంటే, ఫాంటు ఫైలున్న ఫోల్డర్‌ను కాపీ చేయమని ఒక లింక్ ట్యాగులో రాస్తే సరిపోతుంది. పైన వివరించిన వెర్షన్ల సమస్యను కూడా ట్రంక్ చక్కగా పరిష్కరించింది. కార్గో లాక్ ఫైలును చదివి, అందులో ఉన్న వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే వాజమ్-బైండ్‌జెన్‌ను తానే డౌన్‌లోడ్ చేసుకుంటుంది. సాస్, టెయిల్‌విండ్, వాజమ్-ఆప్ట్ ప్రోగ్రాములను కూడా అవసరాన్ని బట్టి అలాగే తెచ్చుకుంటుంది. అయితే ఇంటర్నెట్ లేని బిల్డ్ సర్వర్‌లో ఈ సౌకర్యమే ఇబ్బంది అవుతుంది కాబట్టి, అక్కడ ఆ ప్రోగ్రాములన్నిటినీ ముందే ఇన్‌స్టాల్ చేసి ఉంచాలి.

‘ట్రంక్ సర్వ్’ అంటే 8080 పోర్టులో పేజీ తెరుచుకుంటుంది. మీ ఏపీఐ సర్వర్ వేరే పోర్టులో నడుస్తుంటే, ట్రంక్ కాన్ఫిగరేషన్ ఫైలులో ప్రాక్సీ ఒకటి రాసుకుంటే బ్రౌజర్‌కు రెండూ ఒకే చిరునామాలో కనిపిస్తాయి. దానితో సీఓఆర్‌ఎస్ (వేరే చిరునామాకు వెళ్ళే అభ్యర్థనల మీద బ్రౌజర్ పెట్టే ఆంక్షలు) తలనొప్పి డెవలప్‌మెంట్ దశలో ఉండదు. ‘ట్రంక్ బిల్డ్’కు రిలీజ్ ఫ్లాగ్ చేర్చి నడిపితే డిస్ట్ ఫోల్డర్‌లో స్థిరమైన ఫైళ్ళు వస్తాయి, వాటిని ఏ సాధారణ వెబ్ సర్వరైనా అందించగలదు. ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. డొమైన్ మూలంలో కాకుండా ఉప ఫోల్డర్‌లో పెడుతున్నట్లయితే పబ్లిక్ యూఆర్‌ఎల్‌ను బిల్డ్ సమయంలోనే చెప్పాలి. గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలియని దారి ఏది అడిగినా ఇండెక్స్ పేజీనే ఇవ్వమని వెబ్ సర్వర్‌కు చెప్పాలి, లేకపోతే లోపలి పేజీలో ఉండి రిఫ్రెష్ నొక్కినవారికి 404 ఎదురవుతుంది. వాజమ్ ఫైలు ‘అప్లికేషన్/వాజమ్’ అనే మైమ్ టైపుతో వెళ్తోందో లేదో కూడా చూసుకోవాలి. అలా వెళ్తేనే బ్రౌజర్ దాన్ని దిగుతుండగానే కంపైల్ చేయగలుగుతుంది.

ట్రంక్ చేయనిది ఒకటుంది. కోడ్ మారినప్పుడు అది మొత్తం పేజీని రిఫ్రెష్ చేస్తుంది. నాలుగు దశల ఫారంలో నాలుగో దశను సరిదిద్దుతున్నవారు ప్రతిసారీ మొదటి దశనుంచి మళ్ళీ నింపుకుంటూ రావాలి. తెరల రూపకల్పనే ప్రధానమైన పనిలో ఇది రోజుకు గంటల లెక్కన తేడా చూపిస్తుంది.

రెండు చోట్లా తయారైతే: కార్గో-లెప్టోస్

మొదటి పేజీ సర్వర్‌నుంచి పూర్తిగా రావాలి, ఆ తర్వాత బ్రౌజర్‌లో అది ప్రాణం పోసుకోవాలి (దీన్నే హైడ్రేషన్ అంటారు) అనుకునేవారికి లెప్టోస్, దానికి తోడుగా కార్గో-లెప్టోస్ ఉన్నాయి. ఇది ఒకే క్రేట్‌ను రెండుసార్లు కంపైల్ చేస్తుంది: ‘ఎస్‌ఎస్‌ఆర్’ (సర్వర్ సైడ్ రెండరింగ్) అనే ఫీచర్‌తో సర్వర్ ప్రోగ్రాముగా ఒకసారి, ‘హైడ్రేట్’ అనే ఫీచర్‌తో వాజమ్‌గా మరొకసారి. ‘కార్గో లెప్టోస్ వాచ్’ అంటే రెండూ బిల్డ్ అయ్యి, 3000 పోర్టులో సైటు, 3001 పోర్టులో రీలోడ్ సంకేతాలు నడుస్తాయి. కంటైనర్‌లో పనిచేసేవారు రెండో పోర్టును తెరవడం మరచిపోయి, రీలోడ్ పనిచేయడం లేదని వాపోతుంటారు. కాన్ఫిగరేషన్ వేరే ఫైలులో కాకుండా కార్గో టామ్ల్ ఫైలులోని మెటాడేటా విభాగంలో ఉంటుంది. చేత్తో మొదలుపెట్టకుండా స్టార్ట్-ఆక్సమ్ టెంప్లేట్‌తో మొదలుపెట్టడమే మంచిది.

ఈ పనిముట్టు సులువుగా చేసినదంతా నిజంగా సులువైనది కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఒకే క్రేట్ రెండు లోకాల్లో బతకాలి కాబట్టి, ప్రతి డిపెండెన్సీ ఏ లోకానికి చెందుతుందో మీరు తెలిసి నిర్ణయించాలి. ఆక్సమ్, టోకియో, ఎస్‌క్యూఎల్‌ఎక్స్ వంటి సర్వర్ క్రేట్లను ఐచ్ఛికంగా ప్రకటించి, ఎస్‌ఎస్‌ఆర్ ఫీచర్‌తో మాత్రమే అవి చేరేటట్లు చూడాలి. ఒక్కటి జారిపోయినా వాజమ్ బిల్డ్‌లో మియో అనే క్రేట్ ఈ టార్గెట్‌కు మద్దతు లేదంటూ ఆగిపోతుంది. మియో పేరు మీ ఫైళ్ళలో ఎక్కడా ఉండదు గనుక, కొత్తవారికి ఆ దోష సందేశం అర్థం కాదు. టోకియో నెట్‌వర్క్ భాగం వెనకనుంచి లాక్కొచ్చిన క్రేట్ అది. అటువంటప్పుడు ‘కార్గో ట్రీ’ని వాజమ్ టార్గెట్‌తో, ఇన్వర్ట్ ఫ్లాగ్‌తో నడిపితే దాన్ని తెచ్చినదెవరో తెలిసిపోతుంది. ఎడిటర్‌కు సూచనలు అందించే రస్ట్-ఎనలైజర్ కూడా డిఫాల్ట్ ఫీచర్లనే చూస్తుంది. ఎడిటర్ సెట్టింగుల్లో ఎస్‌ఎస్‌ఆర్ ఫీచర్‌ను చేర్చకపోతే సర్వర్ ఫంక్షన్ల (సర్వర్‌లో మాత్రమే నడిచే ఫంక్షన్ల) లోపలి కోడ్ వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, సూచనలేవీ రావు.

సర్వర్ గీసిన హెచ్‌టీఎంఎల్, బ్రౌజర్ గీయబోయే హెచ్‌టీఎంఎల్ ఒకటే అయి తీరాలన్నది మరో కఠిన నియమం. సర్వర్ గడియారంలోని సమయాన్ని నేరుగా పేజీలో చూపిస్తే బ్రౌజర్ లెక్క వేరవుతుంది, హైడ్రేషన్ దెబ్బతింటుంది. దీన్ని ఏ పనిముట్టూ మన బదులు పట్టుకోదు.

డిప్లాయ్ చేసేటప్పుడు సర్వర్ ప్రోగ్రాముతోపాటు టార్గెట్ డైరెక్టరీలోని సైట్ ఫోల్డర్‌ను కూడా తీసుకువెళ్ళాలి. అవుట్‌పుట్ పేరు, సైట్ రూట్, చిరునామా వంటి విలువలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్ళ ద్వారా అందించాలి. ఫైళ్ళకు హ్యాష్ పెట్టే ఐచ్ఛికాన్ని వాడితే, హ్యాష్‌ల జాబితా ఉన్న చిన్న టెక్స్ట్ ఫైలు సర్వర్ ప్రోగ్రాము పక్కనే ఉండాలి. అది లేకపోతే పేజీ కనిపిస్తుంది గానీ స్టైళ్ళు ఉండవు, బటన్లు పలకవు. ఇంత క్రమశిక్షణకు ప్రతిఫలంగా దక్కేది చిన్నదేమీ కాదు: సర్వర్ ఫంక్షన్‌ను మామూలు ఫంక్షన్ లాగే పిలుస్తాము, రెండు వైపుల మధ్య వెళ్ళే డేటా టైపులను కంపైలరే కాపలా కాస్తుంది. ఎండ్-టు-ఎండ్ పరీక్షలకు ప్లేరైట్ వంటి ప్రోగ్రామును ఇదే కమాండ్ కింద నడిపించుకోవచ్చు.

ఒకే కోడ్ ఫోనులోనూ డెస్క్‌టాప్‌లోనూ నడవాలంటే: డీఎక్స్

డయాక్సస్ ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చే డీఎక్స్ వెబ్‌కు మాత్రమే పరిమితమైనది కాదు. ‘డీఎక్స్ సర్వ్’కు ప్లాట్‌ఫారం పేరు చేరిస్తే అదే కోడ్ వెబ్‌లో, డెస్క్‌టాప్‌లో, ఆండ్రాయిడ్‌లో, ఐఫోనులో నడుస్తుంది. ‘డీఎక్స్ బండిల్’ పంపిణీకి సిద్ధమైన రూపం తయారుచేస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన 0.6 వెర్షన్‌కు ముందు ఈ పనిముట్టును వాడి నిరాశపడినవారు మరోసారి చూడాలి. ఆ వెర్షన్‌లో దాన్ని చాలావరకు తిరగరాశారు.

డీఎక్స్‌ను ఎంచుకోవడానికి నాకు కనిపించే అసలు కారణం వేగం. తెర రూపాన్ని వర్ణించే ఆర్‌ఎస్‌ఎక్స్ మాక్రో లోపలి కోడ్‌ను మార్చినప్పుడు అది రస్ట్ కంపైలర్‌ను పిలవకుండానే మార్పును బ్రౌజర్‌కు పంపుతుంది, నింపిన ఫారం నింపినట్టే ఉంటుంది. 0.7 వెర్షన్‌లో హాట్‌ప్యాచ్ ఐచ్ఛికం ఇంకో అడుగు వేసి, నడుస్తున్న ప్రోగ్రాములోకి మారిన రస్ట్ ఫంక్షన్లనే చేరుస్తుంది. ట్రంక్ గురించి నేను చెప్పిన ఫిర్యాదుకు ఇది సూటి జవాబు. చేతిలో ఉన్న హెచ్‌టీఎంఎల్‌ను ఆర్‌ఎస్‌ఎక్స్‌గా మార్చే ‘డీఎక్స్ ట్రాన్స్‌లేట్’ కూడా, డిజైనర్లు ఇచ్చిన పేజీలనుంచి మొదలుపెట్టేవారికి ఎంతో పని తగ్గిస్తుంది.

అందుకు చెల్లించే మూల్యం ముడిపడిపోవడం. ఫైళ్ళను జతచేసే అసెట్ మాక్రో తన పని పూర్తిచేయడానికి డీఎక్స్ మీద ఆధారపడుతుంది. డీఎక్స్ వెర్షన్, డయాక్సస్ క్రేట్ వెర్షన్ కలిసి నడవాలి. రెండు ప్రాజెక్టులు రెండు డయాక్సస్ వెర్షన్ల మీద ఉంటే యంత్రంలో ఏ డీఎక్స్ ఉందో గుర్తుంచుకుంటూ పనిచేయాలి. వెబ్ ఒక్కటే లక్ష్యమై, సెర్చ్ ఇంజన్లూ మొదటి పేజీ వేగమూ ముఖ్యమైతే నేను ఇప్పటికీ లెప్టోస్ వైపే మొగ్గుతాను. మొబైల్ యాప్ కూడా ఏడాదిలోపు కావాలంటే డీఎక్స్ తప్ప వేరే ఆలోచన అనవసరం.

ఉన్న జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో రస్ట్ ముక్క: వాజమ్-ప్యాక్

రియాక్ట్‌లోనో వ్యూలోనో అప్లికేషన్ ఇప్పటికే ఉండి, అందులో బరువైన ఒక్క భాగాన్ని మాత్రమే, అంటే చిత్రాలను మార్చడమో, రోమన్ లిపిలో టైపు చేసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చడమో రస్ట్‌లో రాయాలనుకుంటే వాజమ్-ప్యాక్ సరైనది. అది ప్యాకేజ్ జేసన్‌తో, టైప్‌స్క్రిప్ట్ టైపులతో సహా ఎన్‌పీఎం ప్యాకేజీని తయారుచేస్తుంది, కాబట్టి జట్టులో రస్ట్ తెలియనివారు కూడా దాన్ని మామూలు ప్యాకేజీలాగే వాడుకోగలరు. దాని డిఫాల్ట్ టార్గెట్ బండ్లర్ (జావాస్క్రిప్ట్ ఫైళ్ళను కలిపి కట్టే ప్రోగ్రాము). వీట్ వాడేవారు వెబ్ టార్గెట్‌ను ఎంచుకుని ఇనిట్ ఫంక్షన్‌ను తామే పిలుచుకుంటే అదనపు ప్లగిన్ అవసరం ఉండదు. పరీక్షలను ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో తెర లేకుండా నడిపే సౌకర్యం కూడా ఇందులో ఉంది. పూర్తి అప్లికేషన్‌ను దీనితో మొదలుపెట్టవద్దు. దీన్ని పుట్టించిన రస్ట్-వాజమ్ కార్యబృందపు గిట్‌హబ్ సంస్థను 2025లో మూసివేశారు. వాజమ్-బైండ్‌జెన్ తన సొంత సంస్థకు మారింది. పాత వ్యాసాల్లోని లింకులను అనుసరించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఏది ఎంచుకున్నా ముందుగా సర్దుకోవలసినవి

ఈ పనిముట్లను ‘కార్గో ఇన్‌స్టాల్’తో పెట్టుకుంటే ప్రతిదీ మూలంనుంచి కంపైల్ అవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో అది చాలాసేపు పడుతుంది. కార్గో-బిన్‌స్టాల్ ముందే తయారై ఉన్న ఫైలును తెచ్చిపెడుతుంది, బిల్డ్ సర్వర్‌లో అయితే అదే వాడండి, వెర్షన్‌ను మాత్రం స్పష్టంగా రాయండి. రిలీజ్ ప్రొఫైల్‌లో ఆప్ట్-లెవెల్‌ను ‘జెడ్’గా, ఎల్‌టీఓను (లింక్ సమయపు ఆప్టిమైజేషన్‌ను) ట్రూగా, కోడ్‌జెన్ యూనిట్లను 1గా పెడితే వాజమ్ ఫైలు గణనీయంగా తగ్గుతుంది. అయితే సర్వర్ ప్రోగ్రాముకు పరిమాణం కంటే వేగం ముఖ్యం కాబట్టి, రెండు వైపులా ఉన్న ప్రాజెక్టులో వాజమ్‌కు వేరే ప్రొఫైల్ రాసుకోవాలి. కార్గో-లెప్టోస్ ఇందుకు అవకాశమిస్తుంది.

ఇంకా తేల్చుకోలేకపోతున్నవారు ట్రంక్, లెప్టోస్ జంటతో మొదలుపెట్టమని నా సలహా. సర్వర్ వైపు అవసరం నిజంగా వచ్చిన రోజున అవే కాంపొనెంట్లను కార్గో-లెప్టోస్ కిందికి తీసుకువెళ్ళవచ్చు. ఫీచర్లను విడదీయడానికి, సర్వర్ ప్రోగ్రామును చేర్చడానికి కొంత శ్రమ పడుతుంది గానీ తెరల కోడ్ చాలావరకు నిలుస్తుంది. లెప్టోస్‌నుంచి డయాక్సస్‌కు మారడం అలాంటిది కాదు, తెరలన్నిటినీ తిరిగి రాయాలి. అందుకే మొదటి రోజునే కార్గో వర్క్‌స్పేస్ ఏర్పాటు చేసుకుని, లెక్కలూ నియమాలూ డేటా టైపులూ ఉన్న కోడ్‌ను ఏ ఫ్రేమ్‌వర్క్ పేరూ ఎరుగని వేరే క్రేట్‌లో పెట్టండి. ఆ క్రేట్‌ను మామూలు ‘కార్గో టెస్ట్’తో, బ్రౌజర్ అవసరం లేకుండానే పరీక్షించుకోవచ్చు, పైనున్న పనిముట్టు మారినా దాన్ని ముట్టుకోవలసిన పని ఉండదు.